5 ఎకరాల 30 గుంటల మీద సర్కారు పైసలు ఎటు పోయినయ్: ఒక కౌలు కుటుంబం కేసు

2023 మార్చి 24 పొద్దున ఫోన్ వచ్చింది. "అక్కా, మక్క మొత్తం పండుకున్నది. ఏఈవో సారు వచ్చి ఫొటోలు కొట్టి రాసుకపోయిండు. ఎవరి పేరు రాసిండో జర అడుగుతవా?" ఏఈవో అంటే ఊళ్లలో పంటలు నమోదు చేసే వ్యవసాయ విస్తరణ అధికారి.

వారం ముందు పడిన వడగళ్లకు ఉమ్మడి వరంగల్ జిల్లాలో మక్క (మొక్కజొన్న), మిర్చి, మామిడి బాగా దెబ్బతిన్నాయి. ముందురోజే అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చేలు చూసి, ఎకరానికి 10,000 రూపాయల పరిహారం ప్రకటించారు. కౌలు రైతులకూ అందేలా చూస్తామని కూడా అన్నారు. ఫోన్ చేసినామె ఆ మాట టీవీలో విన్నది. పంట ఎంత పోయిందో చెప్పకముందే, ఎన్ని పైసలు వస్తాయో అడగకముందే, ఎవరి పేరు రాశారని అడిగింది. కౌలు రైతుల మధ్య పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ కుటుంబంతో రెండేళ్లకు పైగా నడిచిన పనిని ఇక్కడ రాస్తున్నాను. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, కానీ పేర్లు, ఊరు, మండలం చెప్పను. క్షేత్రంలో ఇలాంటి కేసులు చేతికి తీసుకునే తోటి కార్యకర్తలకు పనికొస్తుందని నా ఆశ. అందుకే తప్పిన అడుగులు కూడా దాచకుండా చెబుతున్నాను.

కుటుంబం, భూమి

భార్యాభర్తలు, ఇంటర్ చదివే బిడ్డ, ఎనిమిదో తరగతి కొడుకు, ముసలి అత్త. సాగు 5 ఎకరాల 30 గుంటలు. అందులో 3 ఎకరాలు హనుమకొండలో ఉండే ఒక రిటైర్డ్ టీచరువి. బోరు ఉంది, వానాకాలం పత్తి, యాసంగి మక్క. కౌలు ఎకరానికి 18,000. ఇంకో 2 ఎకరాలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఆసామివి. వాన మీద ఆధారపడ్డ చెలక, ఒక్క పత్తే. కౌలు ఎకరానికి 10,000. అంటే ఏడాదికి 74,000 రూపాయల కౌలు. సగం ఉగాదికి, సగం పత్తి అమ్మినంక. అంతా నోటిమాట మీదే.

మిగిలిన 30 గుంటలు (ముప్పావు ఎకరం) తమవే. 2011లో ఊళ్లోనే ఒక చిన్న రైతు దగ్గర తెల్లకాగితం మీద కొన్నారు. దాన్నే సాదాబైనామా అంటాం. 2020 నవంబరులో క్రమబద్ధీకరణకు మీసేవలో దరఖాస్తు పెట్టారు. ఆ గడువులో రాష్ట్రమంతా కలిపి సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. కొత్తగా తెచ్చిన 2020 పాసుపుస్తకాల చట్టంలో వాటిని పరిష్కరించే సెక్షనే లేకపోవడంతో విషయం హైకోర్టుకు వెళ్లి అక్కడే ఆగింది. కాబట్టి పన్నెండేళ్లుగా దున్నుకుంటున్న ఆ 30 గుంటలు 2023 నాటికి ధరణిలో, అంటే అప్పటి భూమి రికార్డుల పోర్టల్‌లో, ఇంకా అమ్మిన మనిషి పేరు మీదే ఉండేవి.

ఊరంతా వాళ్లను రైతులనే పిలుస్తుంది. సర్కారు కంప్యూటరులో మాత్రం వాళ్లకు ఒక్క గుంట లేదు.

లెక్క తీసిన తీరు

పరిహారం సంగతి తేలేలోపు ఒక పని చేద్దామనుకున్నాను. ఆ 5 ఎకరాల 30 గుంటల పేరు మీద 2022 వానాకాలం నుంచి 2023 యాసంగి దాకా, ఒక్క ఏడాదిలో, ప్రభుత్వం పెట్టిన ప్రతి రూపాయి ఎవరికి చేరిందో పట్టుకోవాలి. సర్వే నంబర్లు తీసుకుని ధరణిలో పట్టాదార్ల పేర్లు చూశాను. పీఎం కిసాన్ పోర్టల్‌లో ఊరి వారీ లబ్ధిదారుల జాబితా ఎవరైనా చూడొచ్చు, అది చూశాను. ఏఈవో దగ్గర పంటల నమోదులో ఏం రాశారో అడిగాను. ఎరువుల దుకాణం రశీదులు, మహిళా సంఘం పుస్తకం, షావుకారు చిట్టీ ముందేసుకుని దంపతులతో రెండు రాత్రులు కూర్చున్నాను. ఈ చిట్టీల దగ్గర తొందరపడొద్దు. మొదటి రాత్రి చెప్పిన అప్పు, రెండో రాత్రి చెప్పిన అప్పు ఒకటి కావు. మొహమాటం పోవడానికి ఒక రోజు పడుతుంది.

ముందుగా రైతుబంధు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన ఈ పథకం తొలి వానాకాలంలోనే 50 లక్షలకు పైగా పట్టాదార్లకు 5,000 కోట్ల రూపాయలకు పైగా పంచింది. మొదట సీజనుకు ఎకరానికి 4,000 ఉండేది, 2019 నుంచి 5,000 అయింది. షావుకారు గడప తొక్కకుండా విత్తనాలకు, ఎరువులకు పెట్టుబడి చేతిలో ఉండాలన్నది ఉద్దేశం. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. రెండెకరాల సొంత రైతు ఇంట్లో ఆ పైసలు పడ్డ రోజు ఎట్లా ఉంటుందో చూశాను. కానీ గీటురాయి ఒక్కటే, పట్టా. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. ఉద్యోగమున్నా, ఆదాయపన్ను కట్టినా, విదేశాల్లో ఉన్నా అడ్డు లేదు. భూమి పడావు పడి ఉన్నా పైసలు పడ్డాయి. కౌలు అనేది యజమానికీ కౌలుదారుకూ మధ్య ప్రైవేటు మాట అని, అందులో తాము తలదూర్చమని అప్పటి ప్రభుత్వం తేల్చి చెప్పింది.

ఆ ఏడాది ఈ భూమి మీద పడిన రైతుబంధు 57,500 రూపాయలు. టీచరు గారికి 30,000, హైదరాబాద్ ఆసామికి 20,000, పదకొండేళ్ల కిందట 30 గుంటలు అమ్మేసిన మనిషికి 7,500. దున్నిన కుటుంబానికి సున్నా. కౌలు కూడా కలిపితే ఇద్దరు యజమానులకు ఆ 5 ఎకరాల మీద వచ్చింది 1,24,000.

పీఎం కిసాన్ దగ్గరకు వస్తే లెక్క మారింది. ఏడాదికి 6,000 ఇచ్చే ఈ కేంద్ర పథకంలో ఆదాయపన్ను కట్టేవాళ్లను, నెలకు 10,000 లేదా అంతకు మించి పెన్షన్ తీసుకునేవాళ్లను పక్కన పెట్టారు. కాబట్టి టీచరు గారికీ రాలేదు, హైదరాబాద్ ఆసామికీ రాలేదు. అదే భూమి, అదే మనుషులు. ఒక పథకం వీళ్లకు అవసరమంది, ఇంకొకటి అక్కర్లేదంది. అయితే వాళ్లను తీసేసినంత మాత్రాన ఆ డబ్బు సాగు చేసేవాళ్లకు రాలేదు. పీఎం కిసాన్‌కు కూడా భూమి రికార్డే తలుపు. 30 గుంటలు 2019 ఫిబ్రవరి 1 నాటికి ఎవరి పేరు మీద ఉన్నాయో వాళ్లకే అర్హత.

ఎరువుల సబ్సిడీ ఒక్కటే ఈ ఇంటికి నేరుగా అందింది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుందంటే, ప్రభుత్వం దాని మీద పెడుతున్నది రైతు చెల్లించేదానికి ఎన్నో రెట్లు. దుకాణంలో ఆధార్ చెప్పి వేలిముద్ర వేస్తే చాలు, పట్టా అడగరు. ఈ సబ్సిడీలో లోపాలు చాలా ఉన్నాయి, నేలను పాడుచేస్తున్నదన్న మాటా నిజమే. కానీ కౌలు రైతు కోణం నుంచి చూస్తే, పట్టా ఎవరి పేరు మీద ఉందని అడగకుండా చేనిదాకా వచ్చింది ఇదే. ఈ తలుపు కూడా గట్టిదేం కాదు. 2025 వానాకాలంలో యూరియా కొరత వచ్చి, చెప్పులు వరుసలో పెట్టి రైతులు నిలబడ్డ రోజుల్లో, చాలాచోట్ల పాసుపుస్తకం జిరాక్సు తెమ్మన్నారు. ఆ రోజు ఈమె చెలక ఆసామి పాసుపుస్తకం నకలు కోసం హైదరాబాద్ బస్సెక్కింది.

ఉచిత కరెంటు సంగతి కొంచెం ఆగి చూడాలి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మోటరు స్టార్టర్ నొక్కేది కౌలుదారే కాబట్టి ఇది అతనికే అందిందని అనుకుంటాం. నేనూ చాలా కాలం అట్లనే రాసేదాన్ని. ఈ కేసులో పక్కపక్కన ఉన్న రెండు కౌళ్లు చూశాక ఆగిపోయాను. బోరు భూమి 18,000, చెలక 10,000. తేడా ఎకరానికి 8,000, మూడెకరాల మీద 24,000. అందులో బోరు వేయించిన ఖర్చుకు ప్రతిఫలం ఉంది, టీచరు గారు రెండు బోర్లు ఎండిపోయాక మూడోది వేయించారు, అది ఆయన కష్టార్జితమే. కానీ కరెంటుకు బిల్లు కట్టాల్సి వస్తే ఎవరూ 18,000 ఇవ్వరని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. అంటే ఉచిత కరెంటులో ఒక వాటా కౌలు రూపంలో యజమానికి వెళ్తోంది. భూమికి అంటిపెట్టుకున్న ఏ సాయమైనా మెల్లగా కౌలులో కలిసిపోతుంది. రైతుబంధు వచ్చాక కౌళ్లు తగ్గుతాయని కొందరు అన్నారు. నేను తిరిగే ఊళ్లలో తగ్గలేదు.

కంటికి కనబడని సబ్సిడీ ఇంకొకటుంది, వడ్డీ. పాసుపుస్తకం ఉంటే బ్యాంకులో 3 లక్షల లోపు పంటరుణం 7 శాతానికి దొరుకుతుంది, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. ఈ కుటుంబం ఆ ఏడాది కౌలుకు, పెట్టుబడికి తెచ్చిన అప్పు 1,50,000. నూటికి నెలకు 2 రూపాయల మిత్తి, పది నెలలు. మిత్తి 30,000 అయింది. అదే బ్యాంకులో అయితే 5,000. ఈ 25,000 తేడాను ఏ పథకం జాబితాలోనూ ఎవరూ రాయరు. రుణమాఫీ వచ్చినప్పుడు కూడా మాఫీ అయ్యేది బ్యాంకు అప్పే. షావుకారు చిట్టీకి మాఫీ లేదు.

చివరిది రైతుబీమా. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు వస్తాయి. 2018 ఆగస్టు నుంచి ఉంది. నా దృష్టిలో ఈ రాష్ట్రం చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి. ఒక గుంట పట్టా ఉన్నా చాలు. ఈమె భర్తకు 44 ఏళ్లు. తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకునే మనిషి. సొంత 30 గుంటలు రికార్డుకు ఎక్కి ఉంటే ఆయనకు బీమా ఉండేది. లెక్క కాగితం మీద ఈ వరుస రాసేటప్పుడు ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి ఇక ముందుకు సాగలేదు.

పరిహారం కోసం చేసిన పని

పంటల నమోదులో ఏఈవో రాసింది టీచరు గారి పేరే. ఇందులో ఆయన దురుద్దేశం ఏమీ లేదు. రాష్ట్రంలో సుమారు 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు, క్లస్టరుకు ఒక ఏఈవో. సర్వే నంబరు కొట్టగానే పట్టాదారు పేరు దానంతటదే వస్తుంది, దున్నేది ఎవరో కనుక్కోవాలంటే చేనుకు పోవాలి. ఒకప్పుడు పహాణీలో, అంటే ఊరి భూముల ఏటి రికార్డులో, పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. దున్నేవాడి పేరు ఏటా అందులో ఎక్కేది. ధరణి వచ్చాక ఆ కాలమ్ పోయింది. రికార్డు శుభ్రమైందని కొందరు సంతోషించారు. కౌలు రైతు పేరు రాయడానికి రాష్ట్రంలో ఉన్న ఒకే ఒక గడి అట్లా చెరిగిపోయింది.

చట్టం మాత్రం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన భూ అధీకృత సాగుదారుల చట్టం తెలంగాణలో రద్దు కాలేదు. గ్రామసభ పెట్టి కౌలు రైతులను గుర్తించి, ఏడాది పాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వాలి. ఆ కార్డుతో భూమి మీద ఎలాంటి హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. రాష్ట్రం వచ్చిన మొదటి రెండేళ్ల తర్వాత కార్డులు ఇవ్వడం దాదాపు ఆగిపోయింది. మేం మండల కార్యాలయంలో ఈ చట్టం కింద దరఖాస్తు ఇస్తే, అక్కడి సిబ్బంది కాగితం తిప్పి తిప్పి చూసి, ఇప్పుడు ఇది నడుస్తలేదమ్మా అన్నారు. రశీదు కూడా ఇవ్వలేదు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌కు పోయి ఇచ్చాక రశీదు వచ్చింది. తోటి కార్యకర్తలకు నా మొదటి మాట ఇదే: రశీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వకండి.

మండల వ్యవసాయ అధికారి మంచి మనసుతో ఒక దారి చెప్పారు. పట్టాదారు అభ్యంతరం లేదని రాసిస్తే, ఇరుగుపొరుగు చేల రైతులు ఇద్దరు సాక్ష్యమిస్తే, పరిహారం జాబితాలో సాగు చేసినవారి ఖాతా పెడతామన్నారు. దాంతో హనుమకొండ పోయాం.

టీచరు గారు చెడ్డవారని ఈ కథ చదివినవాళ్లు అనుకోవద్దు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. పంట పోయిందని విని నొచ్చుకున్నారు. సంతకం మాట రాగానే మౌనమైపోయారు. కాసేపటికి అన్నారు: "బిడ్డా, నువ్వు చిన్నదానివి. మా నాయన కాలంలో పేరు ఎక్కితే భూమి పోయింది. నాకు భయం అందుకే."

ఆ భయానికి చరిత్ర ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం దున్నేవాళ్లను రక్షిత కౌలుదార్లుగా గుర్తించింది, తర్వాత 38-ఈ సెక్షన్ కింద చాలామందికి యాజమాన్య హక్కు వచ్చింది. అది న్యాయమైన చట్టమని నేను మనసారా నమ్ముతాను. కానీ డెబ్బై ఏళ్ల తర్వాత కూడా, మూడెకరాల పట్టా ఉన్న మధ్యతరగతి మనిషి కౌలుదారు పేరు కాగితం మీద చూస్తే వణకడానికి ఆ జ్ఞాపకమే కారణం. కౌలు నోటిమాటగా మిగిలిపోవడానికీ, పేరు ఎక్కకుండా ఏటా కౌలుదారును మార్చడానికీ అదే కారణం.

2011 చట్టం నకలు తెలుగులో ఆయన ముందు పెట్టాను. నాలుగు వాక్యాల కాగితం రాశాం. ఫలానా సర్వే నంబరులో ఈ యాసంగి మక్క వేసింది ఫలానా కుటుంబం. పంట నష్టపరిహారం వారికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. దీనివల్ల భూమిపై వారికి ఏ హక్కూ కలగదు. ఇది ఈ ఒక్క పంటకే. ఆయన మూడుసార్లు చదివి, కొడుకుకు ఫోన్ చేసి అడిగి, సంతకం పెట్టారు.

ఆ ఏడాది ఉగాది మార్చి 22న వచ్చింది. మక్క పడిపోయిన వారంలోనే వచ్చే ఏటి కౌలుకు సగం పైసలు కట్టాలి. మహిళా సంఘంలో తీసుకున్న అప్పుతో ఆమె కట్టింది.

పరిహారంలో మూడెకరాలకు రెండెకరాలే నిలిచాయి. నష్టం 33 శాతం దాటితేనే లెక్క, ఒక ఎకరం దాటలేదని రెండో పరిశీలనలో తేల్చారు. 20,000 రూపాయలు ఆమె భర్త ఖాతాలో పడ్డాయి. సర్కారు నుంచి రైతు అన్న హోదాలో ఆ ఖాతాకు వచ్చిన మొదటి పైసలు అవే. ఆమె బ్యాంకు మెసేజ్ నాకు చూపించి, చదవమని రెండుసార్లు అడిగింది. చదవడం ఆమెకు వచ్చు.

తర్వాత జరిగింది

కేసు ఇక్కడ ఆపేస్తే బాగుండేది. చాలా రిపోర్టులు ఇక్కడే ఆపుతాయి. 2024 ఉగాదికి టీచరు గారు ఆ మూడెకరాలు వేరేవాళ్లకు ఇచ్చారు. వాళ్లు ఎకరానికి 20,000 ఇస్తామన్నారని, సంతకానికీ దీనికీ సంబంధం లేదని నాతో అన్నారు. ఆయన చెప్పిన కారణమూ నిజమే కావచ్చు, ఆయన భయమూ నిజమే కావచ్చు. కుటుంబానికి బోరు భూమి పోయింది. 20,000 తెచ్చిపెట్టి, యాసంగి పంట మొత్తం పోగొట్టానా అని నేను నెలల తరబడి కుమిలిపోయాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధించింది.

నేను చేసిన తప్పు క్రమంలో ఉంది. పంట పోయాక, అధికారుల ఒత్తిడి వెంటబెట్టుకుని యజమాని ఇంటికి పోయాను. అది విత్తనం వేయకముందు, కౌలు మాట్లాడుకునే రోజే చేయాల్సిన పని. ఇప్పుడు మా బృందం ఉగాదికి నెల ముందే యజమానులతో కూర్చుంటోంది. అదే నాలుగు వాక్యాల కాగితం, అదే హామీ. తేడా ఏమిటంటే ఒక్కరితో మాట్లాడం, ఊళ్లో ఐదారుగురు యజమానులను కలిపి కూర్చోబెడతాం. ఒక్కరే సంతకం పెడితే ఆయన ఒంటరైపోతాడు, పెట్టినందుకు పక్కవాళ్లు భయపెడతారు. నలుగురు పెడితే మామూలు విషయమవుతుంది.

హైదరాబాద్ ఆసామితో ఇట్లా ముందుగానే మాట్లాడాం. ఏ కాగితం మీదా సంతకం పెట్టనని తెగేసి చెప్పాడు. అప్పుడు ఆయన ముందు మేం తీసిన లెక్క పెట్టాను. పెట్టుబడి కోసమని సర్కారు ఎకరానికి ఇచ్చే 10,000 మీకు వస్తోంది, పెట్టుబడి వీళ్లు పెడుతున్నారు, కౌలు పదివేలు మీకే ఇస్తున్నారు అన్నాను. కాదనలేకపోయాడు. 2024 నుంచి కౌలు ఎకరానికి 8,000 చేశాడు. రెండెకరాల మీద 4,000 తగ్గింది. చిన్న మొత్తమే, కానీ నిలబడింది.

రాజకీయంగా ఈ లోపు చాలా మారింది. 2023 డిసెంబరు చివర కొత్త ప్రభుత్వం తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తుల్లో, రైతుబంధు స్థానంలో తెస్తామన్న రైతుభరోసా కింద రైతు, కౌలు రైతు అని రెండు గళ్లు ఇచ్చారు. ఈ కుటుంబం కౌలు రైతు గడిలో టిక్ పెట్టింది. ఆ ఫారం నకలు ఇంకా పూజ అర దగ్గర ఉంది. 2025 జనవరి 26న రైతుభరోసా మొదలైనప్పుడు ఎకరానికి ఏడాదికి 12,000 అయింది. గుట్టలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు లాంటి సాగుకు యోగ్యం కాని భూములను తీసేశారు, అది మంచి పని. పైసలు మాత్రం మళ్లీ పట్టాదారు ఖాతాకే. ఆ యోగ్యం కాని భూములను గుర్తించడానికి ఆ నెలలో సిబ్బంది ఊరూరా తిరిగి సర్వే చేశారు. చేను దగ్గర నిలబడి ఇది సాగు భూమేనా అని రాసుకున్నవాళ్లు, పక్కనే ఇంకో గడి ఉంటే, దున్నేది ఎవరని కూడా రాసుకునేవాళ్లు.

భూమి లేని కూలీలకు ఏడాదికి 12,000 ఇస్తామన్న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా అప్పుడే వచ్చింది. రికార్డులో గుంట కూడా లేదు కాబట్టి ఇదైనా వస్తుందనుకున్నాం. 2023-24లో ఉపాధి హామీ పనికి కనీసం 20 రోజులు పోయి ఉండాలన్నది షరతు. ఆమె జాబ్ కార్డులో ఉన్నవి 17 రోజులు. ఉపాధి పని జోరుగా నడిచే ఆ వేసవిలో ఆమె పడిపోయిన మక్క కంకులు ఏరుకుంటోంది. తన సాగు చేసుకున్నందుకు కూలీ లెక్కలోకి రాలేదు, పట్టా లేనందుకు రైతు లెక్కలోకి రాలేదు. 2025 ఫిబ్రవరిలో ఆ జాబ్ కార్డు పేజీ చేతిలో పట్టుకుని గ్రామపంచాయతీ అరుగు మీద కూర్చున్న ఆమెకు నేను ఏం చెప్పాలో తెలియలేదు.

ఈ కేసు నుంచి నేను గట్టిగా అనేది

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2022లో రైతు స్వరాజ్య వేదిక చేసిన సర్వేలో పలకరించిన రైతుల్లో దాదాపు 36 శాతం కౌలు రైతులే.

పక్కరాష్ట్రంలో దారి తెరుచుకుందా అంటే కొంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలల కార్డు పెట్టారు. 2011 చట్టంలో లేని మెలిక ఒకటి అందులో చేరింది, యజమాని సమ్మతి. సమ్మతి దగ్గరే చాలామంది ఆగిపోతారు, హనుమకొండలో నేను చూసింది అదే. అయితే అక్కడ ఈ-క్రాప్ నమోదులో సాగుదారు పేరు ఎక్కించే అలవాటు ఏర్పడింది. నాకు అన్నిటికన్నా అదే ఆశ కలిగించే పని.

అమెరికాలో కౌంటీ ఆఫీసుల ద్వారా ఇచ్చే పంట సబ్సిడీల్లో నియమం వేరు. పంట నష్టపోతే ఆ దెబ్బ ఎవరి మీద పడుతుందో వాళ్లకే చెల్లింపు. నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి అందులో వాటా ఉండదు. ఎవరికి ఎంత వెళ్లిందో కౌంటీల వారీగా జనం చూసుకోవచ్చు కూడా. అక్కడా సబ్సిడీలో కొంత కౌలులో కలిసిపోతుందని ఆర్థికవేత్తలు చెబుతూనే ఉన్నారు, కాబట్టి అదే మందు అనను. కానీ మన దగ్గర అడగని ప్రశ్న వాళ్లు ముందే అడుగుతున్నారు: వడగళ్లు పడితే ఏడ్చేది ఎవరు?

నేను అడిగేది కొత్త చట్టం కాదు. ప్రతి సీజను ఏఈవో చేసే పంటల నమోదులో సాగుదారు పేరు, ఆధార్ తప్పనిసరి చేయాలి. దానికి యజమాని సమ్మతి పెట్టొద్దు, భూమి హక్కుతో ముడి పెట్టొద్దు, 2011 చట్టంలో ఉన్న హామీని ప్రతి రశీదు మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. ఆ నమోదు ఆధారంగా ముందు పంట నష్టపరిహారం, బీమా, కొనుగోలు కేంద్రంలో అమ్మకం, బ్యాంకు రుణం ఇవ్వాలి. వీటిలో యజమాని జేబులోంచి పోయేది ఏమీ లేదు, కాబట్టి ఆయన ఎదురు తిరగడు. ఎకరానికి ఇచ్చే నగదు సాయం సంగతి ఆ తర్వాత. ఈ వరుసను నేను చాలా ఆలోచించి చెబుతున్నాను. ముందే నగదు మీద పడితే యజమాని కౌలుదారునే మార్చేస్తాడు.

ఇంకొకటి, సాదాబైనామాలు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో 2020లో పెట్టుకున్న దరఖాస్తులను పరిష్కరించే దారి ఉంచారు. నా దగ్గరకు కౌలు కేసు వస్తే ఇప్పుడు మొదట అడిగేది కౌలు భూమి గురించి కాదు. మీ సొంత తెల్లకాగితం ఏమైనా ఉందా, మీసేవ రశీదు దాచుకున్నారా అని అడుగుతాను. పది గుంటలైనా పట్టా అయితే రైతుబీమా వస్తుంది, బ్యాంకు గుమ్మం ఎక్కొచ్చు.

ఈ కుటుంబం 2020 నవంబరు నాటి రశీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం డబ్బాలో దాచింది. భూభారతి సదస్సు ఊరికి వచ్చిన రోజు అది తీసుకుని వరుసలో నిలబడ్డాం. 30 గుంటలు అమ్మిన రైతు కూడా వచ్చాడు. అమ్మింది నిజమేనని, తనకు అభ్యంతరం లేదని అధికారి ముందు చెప్పాడు. బయటకు వచ్చాక ఆమె దగ్గరకు పోయి మెల్లగా అన్నాడు: "చెల్లే, ఇన్నేండ్లు నీ పైసలు నా ఖాతాల పడ్డయి. నేను తిన్న. పత్తి అమ్మినంక కొన్ని ఇస్త."

ఆమె తల ఊపింది. రశీదు మళ్లీ కవరులో పెట్టుకుని, పనివేళ అయిందని చేనుకు పోయింది.